మా అమ్మ దుడ్డు యాడ పెట్టింది

మా అమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై మూడేళ్ళు నర్సుగా పనిచేసింది. అందులో సగానికి పైగా కాన్పుల వార్డులోనే గడిచింది. ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. కూరగాయల అంగడిలోనూ, బస్టాండులోనూ, చర్చిలోనూ అందరికీ సిస్టరమ్మే. నాకు ఏడాది నిండకముందే మా నాన్న పోయాడు. ఆ జీతంతోనే నన్ను పెంచింది, చదివించింది, టీచరు ట్రైనింగు చేయించింది. ఎనభైల చివర ఆమె రిటైరయ్యే నాటికి నేను పుంగనూరులో ఒక బడిలో చేరి రెండేళ్ళయింది.

రిటైరైన రోజు ఆసుపత్రిలో టీ, బిస్కెట్లు ఇచ్చారు. దండలేసి ఫోటో తీశారు. చివర్లో ఒక కవరు చేతిలో పెట్టారు. క్వార్టర్సుకు వచ్చాక మంచం మీద కూర్చుని ఆమె ఆ కవరు విప్పింది. లోపల ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీ కలిపి ఒక చెక్కు. రెండుసార్లు చదివి నాకిచ్చింది.

"సూడు మే, సున్నాలు సరిగ్గా ఉండాయా?"

సరిగ్గానే ఉన్నాయని చెప్పాను.

"తలకిందులుగా వచ్చే బిడ్డను కూడా చెయ్యి వణక్కుండా బయటికి తీసినాను. ఈ కాగితం పట్టుకుంటే వణుకుతాండాది సూడు" అని తన చేతిని తానే చూసుకుని నవ్వింది.

భయపడటానికి కారణం లేకపోలేదు. ఆమెకు పెన్షను లేదు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి జీతం రాదు. ఆరు నెలల్లో క్వార్టర్సు ఖాళీ చేయాలి. డెబ్బైలలో కిరసనాయిలు కోసం, చక్కెర కోసం క్యూలలో నిలబడిన మనిషి ఆమె. ఏటేటా సెనక్కాయల నూనె ధర పైకి పోవడమే గానీ కిందికి రావడం ఎప్పుడూ చూడలేదు. ఈ రోజు పెద్దదిగా కనిపించే మొత్తం పదేళ్ళ తర్వాత ఏపాటిదవుతుందో ఎవరు చెప్పగలరు? నా జీతం మీద ఆధారపడటం మాత్రం ఆమెకు ఇష్టం లేదు. ఆ మాట నేనెత్తితే, "నీ సంగటి నువ్వు తిను. నా సంగటి నేను తింటా. పండక్కి ఇద్దరం కలిసి తిందాం" అని కొట్టిపారేసింది.

ఆ కబురు ఊళ్ళో ఎలా పాకిందో గానీ వారం తిరిగేసరికి సలహాలు మొదలయ్యాయి. ఒకరు బంగారం కొనమన్నారు. ఒకరు ఇంటి స్థలం కొనమన్నారు. కుప్పం దగ్గర రామకుప్పం వైపు వ్యవసాయం చేసుకునే మా మామ, అంటే అమ్మకు అన్న, ఉత్తరం రాశాడు. తన చేను పక్కనే రెండెకరాలు అమ్మకానికి ఉన్నాయట, వేరేవాళ్ళ చేతికి పోకముందే రమ్మన్నాడు. అందరికంటే గట్టిగా చెప్పింది మాత్రం బస్టాండు దగ్గర మేడ మీద కొత్తగా వెలసిన ఒక ఫైనాన్సు కంపెనీ గురించి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. సగం ఊరు అక్కడే వేస్తోందన్నారు.

అమ్మ చెక్కును బ్యాంకులో తన పొదుపు ఖాతాలో వేసి, "అన్నీ పోయి సూసి వస్తా. రోగిని సూడకుండా మందు రాసేదెట్ల?" అంది.

మొదట ఆ మేడ ఎక్కింది. నేను వెంట వెళ్ళాను. మెత్తటి సోఫాలు, తిరిగే ఫ్యాను, గోడ నిండా దేవుళ్ళ పటాలు. వాటి మధ్యన ఏసుప్రభువు పటం కూడా ఉంది. టై కట్టుకున్న మేనేజరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. చల్లటి రంగు సోడాలు తెప్పించాడు.

"ఈ దుడ్డు తీసుకుని మీరు యాడ పెడతారు నాయనా?" అని అమ్మ అడిగింది.

"రకరకాల వ్యాపారాల్లో పెడతాం సిస్టరమ్మా."

"ఏం వ్యాపారాలు?"

"చాలా ఉన్నాయమ్మా, బెంగుళూరులో."

"బెంగుళూరులో యాడ?"

అతను నవ్వి, ఇంకో సోడా తెప్పించమంటారా అని అడిగాడు. అమ్మ అయిదు వందలు మాత్రం కట్టి, రసీదు తీసుకుని, అందులో సన్నక్షరాలు కూడా చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతూ నాతో చెప్పింది. "పెన్సిలిన్ ఇచ్చే ముందర చర్మం కింద ఒక చుక్క ఎక్కించి సూస్తాం. దద్దుర్లు లేస్తే సూది ఎయ్యం. ఇదీ ఆ మాదిరే."

నెల తిరగ్గానే వడ్డీ పదిహేను రూపాయలు ఠంచనుగా ఇచ్చారు. రెండో నెలా ఇచ్చారు. ఇంకా ఎందుకు ఆలోచిస్తావని అందరూ అడగడం మొదలుపెట్టారు. అమ్మ వినలేదు. "వడ్డీ ఇచ్చేది గొప్ప కాదు. నేనిచ్చింది నాకు తిరిగి ఇస్తారా లేదా, అది సూడాల."

దసరా సెలవుల్లో నేను ఇంటికి వచ్చినప్పుడు ఆ పరీక్ష జరిగింది. ఎప్పుడడిగితే అప్పుడు వాపసు ఇస్తామని రసీదులో ఉంది. మేము వెళ్ళి అడిగాం. క్యాషియరు రాలేదన్నారు. మర్నాడు వెళితే, సంతకం పెట్టే ఆయన బెంగుళూరు వెళ్ళాడన్నారు. ఆ రోజు సోడా ఇవ్వలేదు. మూడో రోజు అమ్మ పొద్దున్నే క్యారియరులో పులిహోర పెట్టుకుని, పసిబిడ్డల టోపీలు అల్లే ఊలు, సూదులు సంచిలో వేసుకుంది.

"ఇవి యాలమ్మా?" అన్నాను.

"పొద్దు పోవద్దా?" అంది.

మెట్లకెదురుగా ఉన్న సోఫాలో కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఊళ్ళో ఆమె ఎరగని ఇల్లు లేదు కదా! డబ్బు కట్టడానికి మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ ఆమెను చూడగానే ఆగేవారు. మొదట వచ్చింది గుడ్డల అంగడాయన. ఆయన ముగ్గురు పిల్లలూ మా అమ్మ చేతుల మీద పుట్టినవాళ్ళే.

"ఏం సిస్టరమ్మా, మీరు కూడా ఈడే ఏస్తాండారా?"

"ఏసింది తీసుకుందామని కూచోనుండా నాయనా. ఇది మూడో దినం."

ఆయన చేతిలోని సంచి వైపొకసారి, మేనేజరు వైపొకసారి చూశాడు. అంగడిలో ఏదో మరిచిపోయానని చెప్పి దిగి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక రిటైర్డు గుమాస్తా, ఆ తర్వాత ఇద్దరు టమోటా మండీ వాళ్ళు. అందరికీ అమ్మ అదే మాట, అదే నెమ్మదితో చెప్పింది. నాకు నవ్వాగక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పదకొండు గంటలకు మెట్ల మీద తెలిసిన చెప్పుల చప్పుడు వినిపించింది. వచ్చింది ఆయా. పెద్దపంజాణి దగ్గర పల్లెలో పుట్టి, చిన్న వయసులోనే మొగుడు పోయి, ఆసుపత్రిలో చేరి, మా అమ్మ పక్కనే పాతికేళ్ళకు పైగా పనిచేసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. అమ్మకంటే ఏడాది ముందే రిటైరయింది. అమ్మను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వు యాల వొచ్చినావు మే?" అంది అమ్మ.

ఆయా కొంగు వేలికి చుట్టుకుంటూ, "వడ్డీకి వొస్తి సిస్టరమ్మా" అంది.

"ఎంత ఏసినావు?"

"నాలుగు వేలు."

"ఇంకా ఎంత ఉండాది నీ కాడ?"

"ఇంకేముండాది? అంతే."

అమ్మ చేతిలో ఊలుసూదులు ఆగిపోయాయి. ఆయాను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె రసీదు కూడా తీసుకుని, మేనేజరు బల్ల దగ్గరికి నడిచింది. ఆ గొంతు నేను చిన్నప్పుడు వార్డులో విన్న గొంతు. గట్టిగా ఉండదు, కానీ దానికి ఎదురు చెప్పిన డాక్టర్లు కూడా తక్కువ.

"నాయనా, నాకు రిటైరయినాక ఏం పనిలేదు. రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. నాతో కూచోనేదానికి చర్చిలో ఆడవాళ్ళను కూడా పిల్సుకొస్తా. వాళ్ళందరికీ అల్లేది నేర్పించాలని ఎప్పట్నుంచో అనుకుంటాండా. ఈడ ఫ్యాను బాగుండాది."

మేనేజరు లోపలి గదిలోకి వెళ్ళాడు. ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. పులిహోర తినే వేళకు రెండు కవర్లు వచ్చాయి. ఒకదానిలో అయిదు వందలు, ఇంకొకదానిలో నాలుగు వేలు. ఆయా ఆ కవరును జాకెట్టులో దోపుకుని, మెట్లు దిగేదాకా ఊపిరి బిగబట్టి, రోడ్డు మీదికి వచ్చాక అమ్మను పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఆమె వీపు నిమురుతూ, "ఏడవద్దులే, పులిహోర మిగిలుండాది" అంది. బస్టాండులో బెంచీ మీద కూర్చుని ముగ్గురం ఆ మిగిలింది తిన్నాం. అంత రుచైన పులిహోర నేను మళ్ళీ తినలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఆ కంపెనీ బోర్డు పీకేశారు. సోఫాలు కూడా మిగల్లేదు. చాలామంది నష్టపోయారు. వారిలో మాకు తెలిసిన ఒక పంతులుగారు కూడా ఉన్నారు. 'నేను ముందే చెప్పలేదా' అన్న మాట అమ్మ నోటి నుంచి నేను వినలేదు. "ఇంకో నాలుగు దినాలు ఆ సోఫాలో కూచోనుంటే బాగుండేది" అని మాత్రం చాలాసార్లు అంది.

కుప్పం ప్రయాణం ఆ దసరా తర్వాత, నవంబరులో. అమ్మ, నేను, ఆయా. నాలుగు వేలు తిరిగొచ్చినప్పటి నుంచి ఆయా మమ్మల్ని వదల్లేదు. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులు మారి సాయంత్రానికి చేరాం. మామ కోడిని కోయించాడు. రాగి సంగటి, పులుసు. తింటున్నంతసేపూ ఆ రెండెకరాల గురించే చెప్పాడు.

"అయ్యి రెండెకరాలు కాదమ్మా, బంగారు కడ్డీలు. బ్యాంకులో ఏస్తే కాగితం మిగుల్తాది. భూమి యాడికి పోతాది? రేపు పొద్దున సూడు, రాగి చేను ఎట్లుండాదో. మనిషి కూచుంటే కనపడడు."

పొద్దున్నే బయలుదేరాం. మామ ముందు నడుస్తున్నాడు. గట్టు తిరగ్గానే ఆగిపోయాడు. అమ్మకానికున్న రెండెకరాలూ, పక్కనే ఉన్న మామ చేనులో సగమూ చాప పరిచినట్టు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. నడుమ మా ఇంటి బానలంత గుంటలు. తెల్లవారుజామున అడవిలోంచి ఏనుగులు దిగి మేసి వెళ్ళాయని పక్క చేనాయన చెప్పాడు. ఆ ప్రాంతానికి ఏనుగులు రావడం మొదలై అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. మామకు కూడా అది కొత్త కష్టమే.

మామ గొంతు సవరించుకున్నాడు. "ఎప్పుడో ఒగసారి వస్తాయమ్మా. రోజూ రావు."

అమ్మ ఒక గుంటలోకి చూసింది. అడుగున నీళ్ళూరి, అందులో ఆకాశం కనిపిస్తోంది. "అన్నా, నువ్వు చెప్పింది నిజమే. భూమి యాడికీ పోలేదు. దాని మీదుండేదే పోయింది" అంది. తన నోటి నుంచి వచ్చిన మాటకు తానే తట్టుకోలేక నవ్వడం మొదలుపెట్టింది. ఆయా నవ్వింది. అన్న ఏమనుకుంటాడోనని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మామ కూడా గట్టు మీద చతికిలబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆ నీళ్ళలో నవ్వెంతో బాధెంతో ఆయనకే తెలియాలి. అమ్మ భూమి కొనలేదు. ఆ కంపెనీ నుంచి వెనక్కి తెచ్చుకున్న అయిదు వందలు మాత్రం, వచ్చే కారు పంటకు విత్తనాలకని అత్త చేతిలో పెట్టి వచ్చింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని నిర్ణయం చెప్పేసింది. సగం పోస్టాఫీసులో నెలనెలా వడ్డీ వచ్చే పథకంలో. ఇంకో పావు అయిదున్నరేళ్ళకు రెట్టింపయ్యే పోస్టాఫీసు పత్రాల్లో. మిగతాది బ్యాంకులో, జబ్బుకూ జ్వరానికీ.

"ధరలు పెరిగితే?" అని అడిగాను. "ఆ వడ్డీ పెరగదు గదమ్మా."

"పెరగదు. నాకు తెలుసు. అందుకే ఆ పత్రాలు. అయినా చాలకపోతే సంగటిలో రాగిపిండి ఎక్కువేసి, బియ్యం తక్కువేసుకుంటాం. పూర్తిగా పొయ్యేదానికంటే కొంచెం తక్కువ పడేది మేలు."

డిసెంబరులో క్వార్టర్సు ఖాళీ చేసి పుంగనూరు వచ్చేసింది. నేనుండే వీధిలోనే పెరడున్న ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుంది. అద్దెలో సగం ఆయాది. ఇద్దరూ కలిసే ఉంటామన్నారు. పోస్టాఫీసులో మొదటి నెల వడ్డీ చేతికి వచ్చిన రోజు అమ్మ మా ఇద్దరినీ హోటలుకు తీసుకెళ్ళి మసాలా దోసెలు పెట్టించింది. ఆమె అనుకున్నట్టే తర్వాత తర్వాత ఆ వడ్డీకి ధరలతో పరిగెత్తే చేవ లేకపోయింది. కానీ పత్రాలు రెట్టింపై వచ్చినప్పుడు ఆ లోటు తీరింది. ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా వాళ్ళిద్దరూ హాయిగా బతికారు.

ఆయా నాలుగు వేల సంగతి వేరే. అంతా పోస్టాఫీసులో వేయమని అమ్మ ఎంత చెప్పినా వినలేదు.

"నాకు కాగితాలు వొద్దు సిస్టరమ్మా. ఒకసారి మెట్లెక్కి ఇచ్చింది చాలు. నా దుడ్డు యాడుండాదో రోజూ కండ్లతో సూసుకోవాల."

అందులో వెయ్యి మాత్రం అమ్మ పోరు పడలేక పోస్టాఫీసులో వేసింది. మిగతా డబ్బు తీసుకుని తన ఊరికి పోయి, వారం తర్వాత ఒక ఆవును తోలుకుని వచ్చింది. పుంగనూరు పొట్టి ఆవు. తెల్లగా, బుజ్జిగా, మా అమ్మ నడుము ఎత్తు కూడా లేదు. చూలుతో ఉంది.

అప్పుడు నాకు తెలిసిన రహస్యం ఏమిటంటే మా అమ్మకు ఆవులంటే భయం. కలరా వార్డులోకి నిమ్మళంగా నడిచిన మనిషి, ఆ పొట్టి ఆవు తల తిప్పితే వంటింట్లోకి పరిగెత్తేది. "కట్టు గట్టిగా ఉండాదా మే?" అని రోజుకు పదిసార్లు అడిగేది. అమ్మ అడిగిన ప్రతిసారీ ఆయా, "అది నిన్ను సూసి భయపడతాండాది సిస్టరమ్మా, సూది ఏస్తావని" అనేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. అమ్మ చర్చికి తెల్లచీర కట్టుకుని, బైబిలు చేత్తో పట్టుకుని, నా కోసం గుమ్మంలో నిలబడి ఉంది. పెరట్లోంచి ఆయా కేక వేసింది. పరిగెత్తాం. ఆవు పడుకుని ముక్కుతోంది. దూడ కాలు ఒకటే బయటికి కనిపిస్తోంది.

"రెండో కాలు లోపల మడత పడిండాది" అంది ఆయా. "డాక్టరు కోసం పోతే ఆదివారం యాడుంటాడో! నా చెయ్యి లావు. నీ చెయ్యి సన్నం. నువ్వే పెట్టాల."

"నేనా? ఇది ఆవు మే!"

"ఆవైతే? తల్లి కాదా? సబ్బేసి కడుక్కో, బిరీన."

అమ్మ బైబిలు నా చేతికిచ్చి, గాజులు తీసి, తొట్టి దగ్గర కూర్చుని మోచేతుల దాకా సబ్బు రుద్దడం మొదలుపెట్టింది. ఒకసారి, రెండుసార్లు, గోళ్ళ సందుల్లో.

"చాల్లే సిస్టరమ్మా! ఇది ఆపరేషను థియేటరు కాదు!"

అమ్మ ఆవు వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. కాసేపటికి ఆమె ముఖంలో భయం పోయి, నాకు బాగా తెలిసిన పాత ముఖం వచ్చింది. చేతివేళ్ళతో చూసే ముఖం.

"మోకాలు దొరికింది. వెనక్కి తోస్తాండా... ఆ, గిట్ట చేతికొచ్చింది."

"ఇప్పుడే లాగొద్దు. అది ముక్కినప్పుడే లాగు."

"నాకు చెప్తాండావా మే, కాన్పు చేసేది?"

"ఇన్నేండ్లు నువ్వు చెప్పినావు, నేను చేసినాను. ఇయ్యాల నేను చెప్తా. పట్టుకో!"

ఆవు ముక్కింది. ఇద్దరూ కలిసి లాగారు. దూడ ఒక్కసారిగా జారి మా అమ్మ తెల్లచీర ఒళ్ళో పడింది. కదలలేదు. అమ్మ దాని నోట్లో, ముక్కులో జిగురు వేలితో తీసి, కొంగుతో ఒళ్ళంతా రుద్దింది. రెండు నిమిషాలు అలా రుద్దుతూనే ఉంది. దూడ తుమ్మింది. చెవులు విదిలించింది.

అమ్మ తోక ఎత్తి చూసి, నా చేతి గడియారం వైపు మెడ చాచి, అలవాటు ప్రకారం పైకి చెప్పింది.

"తొమ్మిదీ ఇరవై. ఆడబిడ్డ."

ఆయా కూడా అలవాటు ప్రకారమే, "రాసుకుంటి సిస్టరమ్మా" అంది.

మరుక్షణం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆ గడ్డిలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆవు తల తిప్పి దూడను నాకింది, పనిలో పనిగా మా అమ్మ చెయ్యి కూడా నాకింది. అమ్మ ఈసారి పరిగెత్తలేదు.

మధ్యాహ్నం పాస్టరుగారు వచ్చారు. ఒక్క ఆదివారం కూడా మానని సిస్టరమ్మ రాలేదంటే ఒంట్లో బాగాలేదేమోనని కనుక్కోవడానికి. అరుగు మీద నెత్తుటి మరకల తెల్లచీరతోనే కునుకు తీస్తున్న అమ్మను చూసి ఆయన వాకిట్లోనే కొయ్యబారిపోయారు. ఆయా ఆయనకు కుర్చీ వేసి, జరిగిందంతా చేతులు తిప్పుతూ మొదటినుంచి చెప్పింది. వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో మూతపెట్టిన గిన్నె ఒకటి పెట్టింది.

"జున్నుపాలు అయ్యగారూ. బెల్లమేసి ఉడకబెట్టుకోండి. ఒలకపొయ్యకుండా తీసకపోండి" అంది.